లైను ఆపే హక్కు



మన కళ్ల ముందే సంస్థలు రూపు మార్చుకుంటున్నాయి. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అదే ఏడాది ఏప్రిల్ 1న, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామీణ బ్యాంకుల విలీనం వంతు వచ్చింది. కాగితాల కట్టలతో నడిచిన కార్యాలయాల్లో ఇప్పుడు ఫైలు కంప్యూటర్ తెర మీద కదులుతోంది. ఇలాంటి మార్పు ఎక్కడ వచ్చినా పై నుంచి వినిపించే మొదటి మాట ఒకటే: సిబ్బంది మైండ్‌సెట్ మారాలి. దాని కోసం శిక్షణ తరగతులు పెడతారు, గోడల మీద నినాదాలు రాయిస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఆర్నెల్లు గడిచాక చూస్తే పని పాత దారిలోనే నడుస్తుంటుంది. అప్పుడు తప్పు సిబ్బంది మీదికి నెట్టేస్తారు. వీళ్లింతే, వీళ్లు మారరు అంటారు. ఈ వరసే తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. సంస్థ మారాలంటే ముందు మారాల్సింది కింది వాళ్ల ఆలోచన కాదు, పై వాళ్ల పని. మరీ ముఖ్యంగా, ఇక్కడ పొరపాటు జరుగుతోంది అని ఒక ఉద్యోగి నోరు విప్పి చెప్పినప్పుడు అతనికి ఏమవుతుందన్నది మారాలి. అది మారితే ఆలోచన దానంతట అదే వెంట వస్తుంది. అది మారకపోతే ఎన్ని తరగతులు పెట్టినా గోడకు చెప్పినట్టే. ఇది కేవలం నమ్మకంగా చెబుతున్న మాట కాదు. దీనికి రుజువుగా నిలిచిన కార్ల ఫ్యాక్టరీ ఒకటి ఉంది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరు ఉంది. జనరల్ మోటార్స్ కంపెనీ 1960ల మొదట్లో అక్కడ ఒక పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నింటిలో దానికే అతి చెడ్డ పేరు వచ్చింది. ఏ రోజు చూసినా వందలో ఇరవై మంది పనికి వచ్చేవారు కాదు. వచ్చినవాళ్లలో కొందరు ఫ్యాక్టరీ లోపలే తాగేవారు, జూదమాడేవారు. పై అధికారి మీద కోపం వస్తే కారు తలుపు లోపల ఖాళీ కూల్‌డ్రింకు సీసా పడేసి తలుపు బిగించేసేవారు. కొనుక్కున్నవాడికి ఆ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో ఎప్పటికీ తెలిసేది కాదు. యూనియన్‌కూ యాజమాన్యానికీ మధ్య తేలని ఫిర్యాదులు వేలకు వేలు పేరుకుపోయాయి. అమెరికా కార్ల పరిశ్రమలో ఇంతకంటే చెడ్డ కార్మికులు ఎక్కడా లేరని సొంత యూనియన్ నాయకుడే బాహాటంగా అన్నాడు. చివరికి 1982లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఫ్యాక్టరీలో ఎవరూ మీరకూడని నియమం ఒకటుండేది: ఏం జరిగినా లైను ఆగకూడదు. తలుపు వంకరగా బిగిసినా, ఒక మోడల్ కారుకు ఇంకో మోడల్ భాగం తగిలించినా, ఇంజను తిరగేసి పెట్టినా సరే, కారు ముందుకు పోవాల్సిందే. లోపాలున్న బండ్లన్నీ చివర్లో యార్డులో చేరేవి. అక్కడ వేరే మనుషులు వాటిని మళ్లీ విప్పి బిగించేవారు. లైను ఆపినవాడు నేరం చేసినట్టు లెక్క. అలాంటిచోట రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి ఫ్యాక్టరీ చెబుతున్నదేమిటి? నీ కంటికి కనిపించింది మాకు అక్కర్లేదు, నీ చేతులు ఆడితే చాలు అని. ఆ మాట పదేళ్లు, పదిహేనేళ్లు వింటూ పనిచేసిన మనిషి తలుపులో సీసా పడేశాడంటే, ఆ పనిని నేను సమర్థించను గానీ, నాకు ఆశ్చర్యం మాత్రం కలగదు.

జపాన్ కంపెనీ టొయోటా అప్పటికి అమెరికాలో సొంతంగా కార్లు తయారు చేయడం మొదలుపెట్టలేదు. జనరల్ మోటార్స్‌కేమో చిన్న కార్లు లాభసాటిగా తయారు చేయడం చేతకావడం లేదు. ఇద్దరూ కలిసి ఫ్రీమాంట్ ఫ్యాక్టరీని 1984లో మళ్లీ తెరిచారు. కొత్త సంస్థకు నమ్మి అనే పొట్టి పేరు వచ్చింది. నడిపే బాధ్యత టొయోటాది. మొదటి అధ్యక్షుడు టొయోటా వ్యవస్థాపకుల కుటుంబానికి చెందిన తత్సురో టొయోడా. యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం పాత కార్మికులనే ఎక్కువగా తీసుకున్నారు. 1985 చివరికి చేరిన రెండు వేల పైచిలుకు కార్మికుల్లో దాదాపు 85 శాతం మంది పాత ఫ్రీమాంట్ వాళ్లే. యూనియన్ కూడా పాతదే, చాలామంది యూనియన్ నాయకులూ పాతవాళ్లే. టొయోటా అక్కడేమీ మరమనుషులతో నిండిన అధునాతన ఫ్యాక్టరీ కట్టలేదు. అంటే మనుషులు మారలేదు, ఊరు మారలేదు, యంత్రాల్లో గొప్ప తేడా లేదు. మారింది నడిపే తీరొక్కటే. సామాజిక శాస్త్రంలో ఇంత శుభ్రంగా ఒక్క విషయాన్ని విడదీసి చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది. అందుకే నాలుగు దశాబ్దాలు గడిచినా మేనేజ్‌మెంట్ చదువుల్లో ఈ ఉదంతం ఇంకా పాఠంగానే ఉంది.

టొయోటా ఏం చేసిందో కొంచెం దగ్గరగా చూద్దాం. ముందుగా వందలాది బృంద నాయకులను విడతలవారీగా జపాన్ పంపి, టకావోకా ఫ్యాక్టరీలో జపాన్ కార్మికుల పక్కన నిలబెట్టి పని చేయించింది. అక్కడ వాళ్లకు కొత్తగా అనిపించినది యంత్రం కాదు. ఒకడు పనిలో వెనకబడితే పక్కవాడు వచ్చి సాయం కావాలా అని అడగడం వాళ్లకు కొత్త. ఫ్రీమాంట్‌లో వెనకబడినవాడికి దక్కేది తిట్టు. ఇక లైను పక్కన, చేతికందే ఎత్తులో పొడవునా ఒక తాడు వేలాడుతుంటుంది. ఒక్కో కారు మీద ఒక్కో కార్మికుడి పనికి సుమారు నిమిషం వ్యవధి. ఆ నిమిషంలో బోల్టు సరిగ్గా పట్టలేదనుకోండి, భాగం సరిపోలేదనుకోండి, అతను తాడు లాగుతాడు. వెంటనే తల పైనున్న బోర్డు మీద అతని స్థానం నంబరు వెలుగుతుంది, ఒక పాట వినిపిస్తుంది. బృంద నాయకుడు పరుగున వస్తాడు. వచ్చి మొదట అడిగేది ఏం ఇబ్బంది వచ్చింది అనే. ఇద్దరూ కలిసి ఆ నిమిషం లోపల సరిచేయగలిగితే మళ్లీ తాడు లాగుతారు, లైను సాగిపోతుంది. కుదరకపోతే కారు ఆ స్థానం చివరికి వచ్చేసరికి లైను ఆగిపోతుంది. వందలమంది పని నిలిచిపోతుంది. నిమిషానికి ఎంత నష్టమో అందరికీ తెలుసు. అయినా తాడు లాగిన మనిషిని ఎవరూ ఒక్క మాట అనరు. ఏ మనిషినైతే తాగుబోతు అని, పనిదొంగ అని రెండేళ్ల కింద గేటు బయటకు పంపారో, అదే మనిషి చేతికి మొత్తం ఫ్యాక్టరీని ఆపే హక్కు ఇచ్చారు. నాయకత్వం అంటే నా దృష్టిలో ఇదీ. నేను నిన్ను నమ్ముతున్నాను అని చెప్పడం సులువు. ఆ నమ్మకం వల్ల నష్టం వస్తే భరించేది నేనే అని చేతల్లో చూపించడం కష్టం. టొయోటా రెండోది చేసింది.

ఇంకొన్ని చిన్న పనులు కూడా చేసింది గానీ అవి చూడటానికే చిన్నవి. అధికారులకు వేరే భోజనశాల ఉండేది కాదు. కార్లు నిలుపుకోవడానికి ప్రత్యేక స్థలం ఉండేది కాదు. అందరికీ ఒకే తరహా దుస్తులు. ఎనభైకి పైగా ఉన్న ఉద్యోగ వర్గాలు మూడు నాలుగుకు తగ్గాయి. వీటన్నిటికీ మించింది ఉద్యోగ భద్రత మీద రాసిచ్చిన మాట. కష్టకాలం వస్తే ముందు అధికారుల జీతాలు తగ్గిస్తాం, బయట చేయిస్తున్న పనిని లోపలికి తెచ్చుకుంటాం, అవన్నీ అయ్యాకే కార్మికుల తొలగింపు సంగతి ఆలోచిస్తాం అని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ మాటకు పరీక్ష త్వరగానే వచ్చింది. అక్కడ తయారైన షెవర్లే నోవా కారు సరిగ్గా అమ్ముడుపోలేదు. 1988లో ఫ్యాక్టరీ ఉత్పత్తి దాని సామర్థ్యంలో అరవై శాతం కంటే తక్కువకు పడిపోయింది. జనరల్ మోటార్స్ పద్ధతిలోనైతే వందలమంది ఇంటికి పోయేవారు. నమ్మి ఒక్కరినీ తీసేయలేదు. పని లేని వాళ్లను శిక్షణలో కూర్చోబెట్టింది, పని పద్ధతులు మెరుగుపరిచే బృందాల్లో వేసింది. నన్నడిగితే ఆ ఫ్యాక్టరీ సంస్కృతి స్థిరపడింది 1984లో కాదు, 1988లోనే. ఎందుకంటే పనిని సులువు చేసే చిట్కా చెబితే తన ఉద్యోగమే పోతుందని భయపడే మనిషి ఆ చిట్కా ఎన్నటికీ బయటపెట్టడు. ఆ భయం పోయాక ఏమైందో చూడండి. 1991లో ఆ ఫ్యాక్టరీ కార్మికులు ఇచ్చిన సూచనలు పది వేలకు పైగా. వాటిలో వందకు ఎనభైకి పైగా అమలయ్యాయి. గైర్హాజరు ఇరవై శాతం నుంచి రెండు మూడు శాతానికి దిగింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 1980ల నడుమ మూడు ఫ్యాక్టరీలను పోల్చి చూశారు. ఒక కారు బిగించడానికి జనరల్ మోటార్స్ వారి ఫ్రామింగ్‌హామ్ ఫ్యాక్టరీలో 31 గంటలు పట్టేది, టకావోకాలో 16, నమ్మిలో 19. లోపాల లెక్కలో నమ్మి టకావోకాతో సమానంగా నిలిచింది, ఫ్రామింగ్‌హామ్‌తో పోలిస్తే మూడో వంతు. అమెరికాలోకెల్లా చెడ్డ కార్మికులు అనిపించుకున్నవాళ్లు సాధించిన లెక్క ఇది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. ఇది నాయకత్వం గొప్పతనం కాదు, ఆకలి గొప్పతనం అంటారు కొందరు. రెండేళ్లు ఉద్యోగం లేకుండా ఉన్నవాడు మళ్లీ పిలిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడా? ఇందులో కొంత నిజం లేకపోలేదు. పనికి రావడం, తాగకుండా ఉండటం భయం చేయించగలదు. కానీ తాడు లాగించడం భయం వల్ల కాదు. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి తన చేతిలో జరిగిన పొరపాటును దాచుకుంటాడే గానీ, పాట మోగించి పదిమందికీ చాటడు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే రాష్ట్రంలో ఉంది. లాస్ ఏంజిలిస్ దగ్గర వాన్ నైస్ అనేచోట జనరల్ మోటార్స్‌కు ఇంకో ఫ్యాక్టరీ ఉండేది. మూసేస్తారన్న భయం అక్కడా ఏళ్లకేళ్లు వేలాడింది. 1980ల చివర్లో నమ్మి పద్ధతులను అక్కడ ప్రవేశపెట్టారు. బృందాలు వచ్చాయి, శిక్షణ వచ్చింది, లైను పక్కన తాడు కూడా వచ్చింది. రానిదల్లా ఒక్కటే, పై వాళ్ల పనిలో మార్పు. అధికారులకు బోనస్ ఎన్ని కార్లు బయటికి పంపారన్న లెక్క మీదే వచ్చేది. తాడు లాగితే వాళ్ల బోనస్‌కు గండి పడుతుంది. కాబట్టి లాగినవాడికి చీవాట్లే మిగిలాయి. 1992లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జనరల్ మోటార్స్ పై అధికారి ఒకరు నమ్మికి కెమెరాలతో మనుషుల్ని పంపి, అంగుళం వదలకుండా ఫొటోలు తీసుకురమ్మని, అచ్చం అలాగే మన ఫ్యాక్టరీని మార్చేద్దామని ఆదేశించిన సంగతి కూడా ఆ తరువాత బయటికి వచ్చింది. తాడు ఫొటోకు దొరుకుతుంది. తాడు లాగాక పరుగున వచ్చిన మనిషి ముఖంలో కోపం ఉందా, ఆదుర్దా ఉందా అన్నది ఫొటోలో దొరకదు.

ఆ పాఠం నేర్చుకోనందుకు జనరల్ మోటార్స్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2014లో ఆ కంపెనీ ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. బండి పోతుండగా తాళం జారి ఇంజను ఆగిపోయేది, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది కాదు. కంపెనీ నష్టపరిహార నిధి లెక్క ప్రకారం 124 మంది చనిపోయారు. ఆ స్విచ్‌లో లోపం ఉందని కంపెనీలో కొందరు ఇంజినీర్లకు పదేళ్లకు ముందే తెలుసు. అప్పుడే కంపెనీ అధిపతి పదవిలోకి వచ్చిన మేరీ బర్రా జరిపించిన విచారణలో రెండు అలవాట్లు బయటపడ్డాయి. జీఎం అన్న కంపెనీ పొట్టి పేరుతో ఉద్యోగులే వాటికి పేర్లు పెట్టుకున్నారట. ఒకటి జీఎం తలూపు: సమావేశంలో అందరూ సరేనని తలూపి బయటికి వచ్చాక ఎవరూ ఏమీ చేయకపోవడం. రెండోది జీఎం సెల్యూట్: చేతులు కట్టుకుని, వేళ్లు అటూ ఇటూ చూపిస్తూ బాధ్యత పక్కవాడిదని చెప్పడం. నివేదికల్లో లోపం, సమస్య, ప్రమాదకరం వంటి మాటలు వాడవద్దని ఉద్యోగులకు శిక్షణ ఇచ్చిన సంగతి కూడా ప్రభుత్వ దర్యాప్తులో తేలింది. ఆ 124 మందిలో చాలామంది చావులకు మూలం ఏ ఒక్కరి దుర్మార్గమో కాదు. కింద తెలిసిన నిజం పైకి ఎక్కడానికి మెట్లు లేకపోవడమే. నమ్మిలో పాతికేళ్లు సగం భాగస్వామిగా ఉన్న కంపెనీ సంగతి ఇది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

తప్పులు బయటపడనివ్వడం మంచిదంటే తప్పుల్ని ప్రోత్సహించినట్టు కాదా అని ఒక సందేహం రావచ్చు. ఏమీ దండన లేకపోతే మనిషి నిర్లక్ష్యానికి అలవాటు పడడా? దీనికి జవాబు ఆసుపత్రుల నుంచి వచ్చింది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. మంచి నర్సు నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ నమోదవుతాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి వార్డుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా వెళ్తే కారణం తెలిసింది. ఆ వార్డుల్లో నర్సులు జరిగిన పొరపాటును చెప్పుకోగలుగుతున్నారు, మిగతా వార్డుల్లో దాచుకుంటున్నారు. మన దగ్గర ఏ శాఖలోనైనా ఫిర్యాదులు సున్నా అని నివేదిక వస్తే పై అధికారి సంతోషిస్తాడు. సంతోషించే ముందు ఒకసారి అనుమానించాలి. ఇక దండన సంగతికి వస్తే, నమ్మిలో క్రమశిక్షణ లేకపోలేదు. చెప్పకుండా పని ఎగ్గొట్టినవాడి మీద చర్య ఉండేది. నిర్లక్ష్యం వేరు, పొరపాటు చెప్పడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే సంస్థలో నిజాయితీపరుడే ముందు బలైపోతాడు.

మరో ఆక్షేపణ వామపక్ష కార్మిక వర్గాల నుంచి వచ్చింది. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. మైక్ పార్కర్, జేన్ స్లాటర్ అనే ఇద్దరు రచయితలు 1988లో ఈ పద్ధతిని ఒత్తిడితో నడిపే నిర్వహణ అన్నారు. బృందం, కుటుంబం అంటూనే మనిషిలో ఆఖరి బొట్టు దాకా పిండుతున్నారన్నది వాళ్ల విమర్శ. వాస్తవం కూడా కొంత అలాగే ఉంది. పాత ఫ్రీమాంట్‌లో నిమిషంలో సుమారు 45 సెకన్లు చేతులు ఆడేవి, నమ్మిలో 57 సెకన్లు ఆడేవని లెక్కగట్టారు. 1993 మోడల్ కారు ప్రవేశపెట్టినప్పుడు కార్మికుల ఒంటి నొప్పులు, గాయాలు పెరిగితే కాలిఫోర్నియా ప్రభుత్వ భద్రతా విభాగం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి నమ్మి స్వర్గం కాదు. అయితే ఆ తరువాత జరిగింది కూడా చూడాలి. యూనియన్ గట్టిగా నిలబడింది, కంపెనీ తన లోపం ఒప్పుకుంది, 1995లో కొత్త ట్రక్కు ప్రవేశపెట్టేటప్పుడు ఏ పనిలో ఏ కీలు మీద భారం పడుతుందో కార్మికులతో కలిసి ముందే సరిచూసుకుంది. నాకు దీనివల్ల అర్థమయ్యేది, యాజమాన్యం మంచితనం ఒక్కటే సరిపోదని. దాన్ని నిలదీయగల యూనియన్ పక్కన ఉండాలి. బలమైన యూనియన్ ఉంటే మార్పు సాగదన్న వాదన మన దగ్గర పదే పదే వింటుంటాం. ఫ్రీమాంట్ చరిత్ర దానికి పూర్తిగా ఎదురు సాక్ష్యం.

ఇదంతా అమెరికా, జపాన్ దేశాల ముచ్చట, మన దగ్గర సారు ఏమంటే అదే, ఇక్కడ కుదరదు అనేవాళ్లున్నారు. మొదటి సంగతి, జపాన్‌లో పెద్దవాళ్ల పట్ల వినయం మనకంటే తక్కువేం కాదు. టొయోటా హోదాలు లేని కంపెనీ కాదు. తాడు లాగడానికి అధికారిని పేరు పెట్టి పిలవాల్సిన పని లేదు, నమస్కారం మానాల్సిన పని లేదు. సారు అంటూనే నిజం చెప్పవచ్చు. కావాల్సిందల్లా ఆ సారు వినడం. రెండో సంగతి, సింగరేణి బొగ్గు గనుల కంపెనీ మన ముందే ఉంది. 1990ల్లో ఆ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్ఆర్ గడప రెండుసార్లు తొక్కింది. పదుల సంఖ్యలో కార్మిక సంఘాలు ఉండేవి. హాజరు వేసే మస్టర్ దగ్గర మొదలైన చిన్న మాట తేడాకే షిఫ్టు మొత్తం గని దిగకుండా నిలిచిపోయేది. ఎవరితో మాట్లాడితే సమస్య తేలుతుందో యాజమాన్యానికి తెలియదు, తమ మాట ఎవరి ద్వారా పైకి పోతుందో కార్మికుడికి తెలియదు. కంపెనీ ఉన్న స్థితిని కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు దాచకుండా చెప్పడం మొదలయ్యాక, 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి వచ్చాక పరిస్థితి తేటపడింది. ఆ మొదటి ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది. తరువాత ఐఎన్‌టీయూసీ, టీబీజీకేఎస్ కూడా గెలిచాయి. 2023 డిసెంబరులో మళ్లీ ఏఐటీయూసీ వచ్చింది. అంటే ఎవరితో మాట్లాడాలో తేల్చే అధికారాన్ని యాజమాన్యం వదులుకుని కార్మికుడి ఓటుకు ఇచ్చింది. లాభాల్లో కార్మికులకు వాటా కూడా వచ్చింది. ఏటా దసరా ముందు కోల్‌బెల్టు అంతా ఎదురుచూసేది దాని కోసమే. సింగరేణి కోలుకోవడానికి ఇదొక్కటే కారణమని నేను అనను. అప్పుల సర్దుబాటు ఉంది, ఓపెన్‌కాస్టు గనుల పాత్ర ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సిబ్బంది ఇప్పుడు నలభై వేల దగ్గరికి తగ్గిపోయిన వాస్తవమూ ఉంది. ఆ తగ్గుదల కోల్‌బెల్టు కుటుంబాలకు పెట్టిన కష్టం తక్కువది కాదు. కానీ కింది మాట పైకి చేరే దారి ఒకటి ఏర్పడకుండా మిగతా మందులేవీ పనిచేసేవి కావని మాత్రం గట్టిగా చెప్పగలను. జపాన్ గాలి సోకని మన గనుల్లోనే ఇది జరిగింది.

చివరి ఆక్షేపణకు వద్దాం. ఇంత గొప్ప నమ్మి ఇప్పుడెక్కడ? 2010 ఏప్రిల్ 1న అది మూతపడింది. నాలుగు వేల ఏడు వందల మంది దాకా ఉద్యోగాలు పోయాయి. 2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. టొయోటా ఒంటరిగా నడపడానికి ఇష్టపడలేదు. మంచి కార్లు చేసిన కార్మికులు, చెడ్డ లెక్కలు చేసిన యజమానుల వల్ల వీధిన పడ్డారు. పని సంస్కృతి ఫ్యాక్టరీలో నాణ్యతను కాపాడగలదు గానీ యజమాని నిర్ణయం నుంచి ఫ్యాక్టరీని కాపాడలేదు. ఈ హద్దును ఒప్పుకోవాల్సిందే. టొయోటా పరువు కూడా అదే సమయంలో పోయింది. కార్లు తమంతట తాము వేగం అందుకుంటున్నాయన్న ఫిర్యాదుల మీద లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికా చట్టసభ ముందు నిలబడి, మేము పెరిగిన వేగం మా మనుషులను తయారు చేసుకోగల వేగాన్ని మించిపోయింది అన్న అర్థంలో క్షమాపణ చెప్పారు. వినియోగదారులకు నిజం దాచినందుకు 2014లో ఆ కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. తాడు కనిపెట్టిన కంపెనీ, పై అంతస్తులో తాడు లాగేవాళ్లు లేక బోల్తాపడింది. దీన్ని నేను నా వాదనకు దెబ్బగా చూడను, బలంగానే చూస్తాను. ఒకసారి సంపాదించి లాకర్లో దాచుకునే ఆస్తి కాదు సంస్థ సంస్కృతి. పై వాళ్లు వినడం మానేసిన రోజునే అది పోవడం మొదలవుతుంది.

ఇప్పుడు మన కార్యాలయాల సంగతి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో, బెంగళూరులో, అమెరికాలో లక్షలమంది తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఉన్నారు. వారం వారం పంపే స్టేటస్ రిపోర్టులో అన్నీ పచ్చరంగులోనే ఉంటాయి. డెడ్‌లైన్‌కు రెండు రోజుల ముందు ఒక్కసారిగా ఎర్రబడతాయి. టీంలో ఉన్న కుర్రాడికి అది నెల ముందే తెలుసు. చెప్పలేదు, ఎందుకంటే అంతకు ముందు చెప్పినవాడికి అప్రైజల్‌లో ఏమైందో చూశాడు. కృత్రిమ మేధ వచ్చాక ఈ సమస్య ఇంకా ముదురుతోంది. నీ పనిని యంత్రానికి నేర్పు అని చెబుతూ, నేర్పాక నీకేమవుతుందో చెప్పకపోతే, ఏ ఉద్యోగీ మనసు పెట్టి నేర్పడు. 1988లో నమ్మి నిలబెట్టుకున్నలాంటి మాట ఇవాళ ఎన్ని కంపెనీలు రాసివ్వగలవు? ఇవ్వలేని కంపెనీ కనీసం ఇవ్వలేనన్న నిజం చెప్పాలి. విలీనమైన బ్యాంకులో, కొత్త శాఖలోకి వచ్చిన ఆర్టీసీ డిపోలో, కంప్యూటర్ ఎక్కిన తహసీల్దారు ఆఫీసులో కూడా లెక్క ఇదే. కొత్త పద్ధతిలో ఎక్కడ పని ఆగుతోందో కౌంటర్ దగ్గర కూర్చున్న గుమస్తాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ గుమస్తాను అడిగేవాడు కావాలి.

కాబట్టి, పదిమంది మీద అధికారం ఉన్న శ్రోతలకు నా విన్నపం ఒకటే. సిబ్బంది మైండ్‌సెట్ గురించి ఇంకో తరగతి పెట్టే ముందు, గత ఏడాదిలో మీ దగ్గరికి వచ్చి ఇది తప్పుగా జరుగుతోంది సార్, ఇది సరిగ్గా లేదు మేడమ్ అని చెప్పిన ఉద్యోగి ఎవరో గుర్తు చేసుకోండి. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నారో, ఏ సీటులో ఉన్నారో కనుక్కోండి. అన్యాయం జరిగి ఉంటే సరిదిద్దండి, అది అందరికీ తెలిసేలా సరిదిద్దండి. అలాంటి ఉద్యోగి ఒక్కరూ గుర్తుకు రాకపోతే, రేపే మీ కుర్చీలోంచి లేచి, పని జరిగే చోటికి వెళ్లి, ఇక్కడ మీకు అడ్డం పడుతున్నదేమిటి అని అడగండి. వచ్చిన జవాబుకు వారం లోపల ఏదో ఒకటి చేసి చూపించండి.